పులిగండి ఆఖరి కత్తులు

వజ్రకూట నగరానికి ప్రాకారాలు ఏడు, ద్వారం మాత్రం ఒక్కటే. కారుమేఘాలను కోసి పేర్చినట్టున్న నల్లని సూదంటురాళ్ళతో కట్టిన ఆ ద్వారం కింద ఏ ఇనుపవస్తువూ నిలవదు. మొలలో దాచిన బాకు, జోలెలో మరిచిపోయిన మేకు, జుట్టుముడిలో గుచ్చిన సూది, ఏదైనా సరే రివ్వున ఎగిరి పై తోరణానికి అంటుకోవలసిందే. మూడేళ్ళుగా అలా అంటుకున్న చాకులూ అడకత్తెరలూ మంగలికత్తులూ గుత్తులు గుత్తులుగా తేనెపట్టులా వేలాడుతూ పొద్దెక్కిన ఎండలో తళతళలాడుతున్నాయి.

ఆ ద్వారానికి నూరు బారల దూరంలో పగటివేషగాళ్ళ జట్టు ఒకటి ఆగింది. జట్టుకు పెద్ద గంగులయ్య. అతని పక్కన భేతాళ వేషంలో ఉన్నవాడు కేదారుడు. ముఖానికి మసి, మెడలో గవ్వల పేర్లు, భుజం మీద ఆరడుగుల కొయ్యకత్తి. చూసినవాళ్ళకు నవ్వొస్తుంది. ఆ కొయ్యకత్తి కడుపులో నిజమైన కత్తి ఉందని తెలిస్తే మాత్రం రాదు.

"నాయనా, మళ్ళీ చెబుతున్నా" అన్నాడు గంగులయ్య మెల్లగా. "ఆ రాయి కొయ్యను చూసి మోసపోదు. దాన్ని ఇక్కడే ఏ పొదలోనో పాతిపెట్టు. సంగతి నోటితో చెప్పుకో."

"మా నోటిమాట ఎవరు నమ్ముతారు తాతా? పులిగండి వాళ్ళంటేనే ద్రోహులని చాటింపు వేసినారు గదా. తేనెమైనం పూసి, మేకతోలు ఏడు చుట్లు చుట్టినా. అంతకన్నా నేనేం చేయగలను."

అతను చెప్పింది నిజమే. మూడేళ్ళ క్రితం మహారాణి సునందాదేవి నిరాయుధ శాసనం ప్రకటించినప్పుడు శైలధార రాజ్యమంతా కత్తులు దించింది. రాజ్యం తూర్పు అంచున పులిగండి కనుమ ఒక్కటే దించలేదు. ఆ కనుమకు అవతల మహిషక రాజ్యం ఉంది. తరతరాలుగా ఆ కొండసందులో మూడు వందల కత్తులు కాపలా కాస్తూ వచ్చాయి. కత్తులు అప్పగించేదాకా కనుమ దాటి రాకూడదని పులిగండి వాళ్ళకు ఆంక్ష పడింది.

పది రోజుల క్రితం కనుమలోకి చొరబడిన మహిషక రౌతు ఒకడు కేదారుడి చేతిలో పడిపోయాడు. వాడి పిడికిట్లో ఉన్న కత్తిని విడిపించి చూస్తే పిడి మీద జంటచేపల ముద్ర ఉంది. అది కేదారుడి తండ్రి కొలిమి ముద్ర. రాణిగారి అంగరక్షకుల కోసమని ఆయన ప్రత్యేకంగా పోత పోసిన కత్తి. అంగరక్షకుల కత్తులన్నీ ఏనాడో కరిగించామని రాజధాని చెప్పింది. కరిగిపోయిన కత్తి శత్రువు చేతిలోకి ఎలా వచ్చింది? ఆ ప్రశ్నను రాణిగారి ముందు పెట్టడానికే అతను గంగులయ్య జట్టులో కలిసి నాలుగు రోజులు నడిచి వచ్చాడు.

జట్టు తోరణం కిందికి చేరింది. మొదట గవ్వల పేర్లు గలగలమన్నాయి. తర్వాత కొయ్యకత్తి కేదారుడి భుజం మీద దానంతట అది కదిలింది. అతను రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. కొయ్య పెళ్ళున నిట్టనిలువుగా చీలింది. మైనపు ముక్కలు, తోలు పీలికలు నాలుగు వైపులా చెదిరాయి. లోపలి కత్తి మెరుపులా పైకి లేచి, ఇరవై నిలువుల ఎత్తున అడకత్తెరల గుత్తుల మధ్య ఠంగుమని అతుక్కుంది. ఆ రాయి పట్టుకున్నది ఏనుగుల్ని కట్టి లాగినా రాదు. పిడి మీది ముద్ర కింద ఉన్నవాళ్ళెవరికీ కనబడదు.

కావలివాళ్ళు చుట్టుముట్టారు. గంగులయ్య చేతులు జోడించబోతుంటే కేదారుడు అడ్డుపడ్డాడు.

"ఈ తాతకు ఏమీ తెలీదు. నేను పులిగండి వాణ్ణి. నన్ను రాణిగారి దగ్గరికి తీసుకుపోండి."

ఆ నగరంలో ఇనుప సంకెళ్ళు లేవు గనక అతని చేతులు పట్టుతాళ్ళతో కట్టారు.

రాజసభ పాలరాతి కొలనులా చల్లగా, తెల్లగా ఉంది. ఏనుగుదంతపు స్తంభాల మీద ఒకప్పుడు చెక్కిన యుద్ధ దృశ్యాలలోని ఖడ్గాలన్నిటినీ శిల్పులు చెరిపేసి, వాటి స్థానంలో తామరతూళ్ళు చెక్కారు. వీరులందరూ తామరతూళ్ళు ఎత్తి ఒకరినొకరు తరుముతున్నట్టుంది. సింహాసనం మీద సునందాదేవి. ఆమెకు కుడివైపున మహామంత్రి శ్రుతకీర్తి, ఎడమవైపున మాంత్రికుడు అయోముఖుడు. అయోముఖుడి ముఖం తుప్పు రంగు. కనురెప్పలు ఎప్పుడో గాని కదలవు. శాసనం తెచ్చినవాడు శ్రుతకీర్తి. దించిన కత్తులన్నిటినీ కరిగించి, దేశాన్ని కాపాడే లోహవీరుణ్ణి పోత పోస్తానని మాట ఇచ్చినవాడు అయోముఖుడు.

ఆనాడు సభలో చర్చ కూడా పులిగండి గురించే. కనుమవాళ్ళకు మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది ప్రశ్న. కట్టుతాళ్ళతో కేదారుణ్ణి తెచ్చి నిలబెట్టగానే సభలో కలకలం పుట్టింది.

"చూశారు గదా" అన్నాడు శ్రుతకీర్తి, గొంతు పెంచకుండానే. "మినహాయింపు అడిగేవాళ్ళు కొయ్యలో కత్తి దాచుకుని వచ్చారు. అయినా అతని మాట విందాం. సభకు చెవులు ఉండాలి."

కేదారుడు కత్తి సంగతి చెప్పాడు. రౌతు సంగతి, జంటచేపల ముద్ర సంగతి చెప్పాడు. "కనుమ అవతల గుడారాలు లెక్కకు అందడం లేదు తల్లీ. మాకు మినహాయింపు వద్దు. మా కత్తుల్ని ఊరి కొట్టులో పెట్టి, తాళంచెవి మీ అధికారి దగ్గరే ఉంచండి. కనుమలో కొమ్ము ఊదినప్పుడు తీయనిస్తే చాలు."

ఆ మాట కొందరికి నచ్చింది. తలలు ఊగాయి. అప్పుడు వెనక వరసలో నుంచి ఒక ముసలావిడ లేచింది. ఆమె నదీతీర గ్రామాల పెద్ద మాణిక్యాంబ.

"నాయనా, నీ కష్టం నాకు తెలియక కాదు. మా ఊళ్ళో ప్రతి ఇంటి దూలానికీ కత్తి వేలాడే రోజుల్లో నీళ్ళ కాలవ దగ్గర మాటా మాటా పెరిగితే సాయంత్రానికి రెండు పాడెలు లేచేవి. ఈ మూడేళ్ళలో మా ఊళ్ళో ఒక్క ఆడదాని గాజులూ పగలలేదు. ఇవాళ నీకు కొట్టు అంటే, రేపు మా ఊరి మొనగాళ్ళు మాకూ కొట్టు అంటారు. తాళం ఎన్నాళ్ళుంటుంది?"

"అమ్మా, మీ పగ పక్కింట్లో నుంచి వచ్చింది. మాది కొండ అవతల నుంచి వస్తుంది. రెండింటికీ ఒకే మందు వేస్తే ఎట్లా?"

దానికి జవాబు చెప్పింది శ్రుతకీర్తి. ఆయన ఆసనం దిగి కేదారుడి దగ్గరికి నడిచి వచ్చాడు.

"నాకు ఇద్దరు కొడుకులు ఉండేవారు. జాతరలో ఎవడో భుజం తగిలించాడని పెద్దవాడు కత్తి దూశాడు. పోయాడు. ఆ పగ తీర్చుకోవడానికి చిన్నవాడు అదే కత్తి పట్టుకుని వెళ్ళాడు. వాడూ పోయాడు. శత్రువు మన మీదికి ముప్పై ఏళ్ళకొకసారి వస్తాడు. కత్తి ఇంట్లోనే ఉంటుంది, రోజూ. మహిషకుల సంగతి చూడడానికి లోహవీరుడు ఉన్నాడు."

"ఆ లోహవీరుడు కదలగా మీరు చూసినారా స్వామీ?"

"అవసరం వచ్చినప్పుడు కదులుతాడు" అన్నాడు అయోముఖుడు.

"ఇనుమని అయినా తెలుసునా? మీ కావలివాళ్ళు సోదా చేయడానికి సూదంటురాతి కర్రలు పట్టుకుని తిరుగుతారే, అందులో ఒకటి తెప్పించి ఆయన కాలికి తాకించండి. అంటుకుంటే నేను అబద్ధాలకోరును. ఇక్కడే నా తల తీయించండి."

"మంత్రబద్ధమైన మూర్తిని తాకితే మంత్రం చెడుతుంది" అన్నాడు అయోముఖుడు.

శ్రుతకీర్తి రాణి వైపు తిరిగాడు. "దేవీ, పరీక్షకు నిలవని రక్షణను నమ్ముకుని నేను ప్రజల చేతుల్లోంచి కత్తులు తీయలేదు. ఆ కర్ర నేనే పట్టుకుంటాను."

రాణి తల ఊపింది. సభ సభంతా ముంగిట్లోకి కదిలింది.

లోహవీరుడు ఏడు తాటిచెట్ల ఎత్తున ఆకాశాన్ని రెండుగా చీలుస్తూ నిలబడి ఉన్నాడు. కాటుకకొండ లాంటి దేహం, కోటబురుజుల్లాంటి భుజాలు, దిక్కుల్ని ఆజ్ఞాపిస్తున్నట్టు చాచిన చెయ్యి. నగరంలోని తల్లులు బిడ్డల్ని తెచ్చి ఆ పాదాల దగ్గర దిష్టి తీసుకుపోయేవారు. శ్రుతకీర్తి వంగి సూదంటురాతి కర్రను ఆ బొటనవేలికి ఆనించాడు.

కర్ర జారి కింద పడింది.

ఆయన మళ్ళీ తీసి మడమకు ఆనించాడు. మళ్ళీ జారింది. కేదారుడు కట్టిన చేతులతోనే పక్కనున్న రాతి రోకలి ఎత్తి ఆ పాదం మీద మోదాడు. నల్లటి లక్క పెచ్చులుగా లేచింది. దాని వెనక ఎర్రమన్ను, మన్నులో గడ్డిపరకలు. ఇంకో దెబ్బకు బొటనవేలు ఊడి దొర్లింది. దిష్టి తీయడానికి వచ్చిన తల్లి ఒకతె చంటిబిడ్డ కళ్ళు మూసింది.

"కత్తులేవి?" అంది రాణి.

"నది మీద పడవల్లో వెళ్ళాయి" అన్నాడు అయోముఖుడు. అతనిలో తొట్రుపాటు లేదు. "ఎక్కడికి పోతున్నాయో ఒక్కరూ అడగలేదు. కత్తి దించితే హాయిగా నిద్రపోవచ్చని మీకు మీరే అనుకున్నారు దేవీ. నేను తలగడ ఇచ్చానంతే."

అతను వంగి గుప్పెడు ఎర్రమన్ను తీసి ఊదాడు. మన్ను సుడి తిరిగి ముంగిలినంతా కప్పింది. దుమ్ము అణిగేసరికి అతను నిలుచున్న చోట ఎవరూ లేరు.

వృద్ధ సేనాపతి ముందుకు వచ్చి నిలబడ్డాడు. "సేనను సిద్ధం చేయమంటారా దేవీ?" అని అడిగి, తన చేతిలో ఉన్నది పూలదండ చుట్టిన వెదురుబెత్తం అని గుర్తొచ్చి తల దించుకున్నాడు.

సునందాదేవి ఆ క్షణంలోనే శాసనం రద్దు చేసింది. ప్రతి ఇల్లూ ఆయుధం పట్టవచ్చునని వీథుల్లో డప్పు మోగింది. తలుపులు తెరుచుకున్నాయి. జనం గుమ్మాల్లోకి వచ్చి ఖాళీ చేతులతో నిలబడ్డారు. రోకళ్ళు పట్టుకున్నవాళ్ళు కొందరు. కంచు గరిటెలు పట్టుకున్నవాళ్ళు కొందరు.

"ఇక మిగిలింది మా కత్తులే" అన్నాడు కేదారుడు. "మూడు వందలు. కనుమ ఇరుకు తల్లీ. ఏడెనిమిది రోజులు ఆపగలం. ఈలోగా కొలిములు రాజెయ్యండి."

అప్పుడు శ్రుతకీర్తి ముఖం చూసి అతను ఆగిపోయాడు. ఆ ముఖంలో నెత్తురు లేదు.

"నేను లేఖ పంపాను" అన్నాడు మంత్రి. "నిన్న తెల్లవారుజామున. కత్తులు అప్పగిస్తే క్షమాభిక్ష అని. మీ కనుమను లోహవీరుడు కాస్తాడని. నా చేత్తో రాశాను."

"సభ ఇవాళ గదా కూడింది?"

"సభ ఏం తేలుస్తుందో తెలుసుననుకున్నాను."

"మరి మమ్మల్ని మాట్లాడమన్నది ఎందుకు స్వామీ?"

శ్రుతకీర్తి తన వేలి ఉంగరం తీసి కేదారుడి వేలికి తొడిగాడు. కట్లు తానే విప్పాడు. "రాజమార్గాన రెండు పగళ్ళ ప్రయాణం. వార్తాహరుడు ఈ సాయంత్రం చేరతాడు. అడ్డదారిన ఈ పూటకే చేరగలవా?"

"గుర్రం చావకుండా ఉంటే."

మహారాణి గుర్రం పాలనురగలాంటి తెల్లని అశ్వం. కేదారుడు దాన్ని కాటుకవనం మీదుగా వదిలాడు. పట్టపగలే చీకటి గూడు కట్టుకున్న అడవి అది. చెట్లకు ఆకులు తక్కువ, ముళ్ళు ఎక్కువ. సగం అడవి దాటేసరికి వెనక నుంచి ఝుమ్మనే శబ్దం వినిపించింది. తిరిగి చూస్తే ఎర్రటి మేఘం చెట్ల మధ్య పాకుతూ వస్తోంది. అయోముఖుడు ఊదిన మన్నే అది, రెక్కలొచ్చిన కందిరీగలై. మొదటి కందిరీగ గుర్రం మెడ మీద వాలిన చోట వెంట్రుకలు కమిలి పొగ లేచింది.

కేదారుడు జీను మీద వాలిపోయి కళ్ళెం వదిలేశాడు. ముళ్ళు అతని చొక్కాను చీల్చాయి, చొక్కా కింద చర్మాన్ని చీల్చాయి. గుర్రం పిచ్చెత్తినట్టు పరుగెత్తింది. ఎదురుగా ఏడుమడుగుల వాగు కనబడింది. రేవు వెతికే వ్యవధి లేదు. రెండు నిలువుల గట్టు మీద నుంచి గుర్రంతో సహా నీళ్ళలోకి దూకాడు. కందిరీగలు వెంటబడి నీళ్ళను తాకాయి. తాకినవి తాకినట్టు బురదగా కరిగి వాగును ఎర్రగా చేశాయి.

అతను ఊపిరి పీల్చుకునేలోగా గుర్రం సకిలించింది. ఎర్రనీళ్ళలో మొసలి కనబడలేదు. కనబడేసరికి గుర్రం వెనక కాలు దాని నోట్లో ఉంది. కేదారుడి దగ్గర కత్తి లేదు. కర్ర లేదు. ఉన్న రెండు చేతులతో కళ్ళెం పట్టుకుని లాగాడు. కళ్ళెం తెగింది. తెల్లని మెడ ఒకసారి పైకి లేచి, మునిగి, మళ్ళీ లేవలేదు.

అవతలి గట్టు ఎక్కి అతను నడక మొదలుపెట్టాడు. పొద్దు వాలింది. తర్వాత మళ్ళీ పొడిచింది. అరికాళ్ళు పగిలాయి. ఎక్కడా కూర్చోలేదు.

మధ్యాహ్నానికి ఆఖరి గుట్ట ఎక్కి చూస్తే కింద రాజమార్గం మీద దుమ్ము లేస్తోంది. శత్రువేమో అనుకున్నాడు. కాదు. పన్నెండు ఎద్దుబండ్లు, వాటి మీద కొయ్యపెట్టెలు. బండి చక్రాలకు పసుపు, నొగలకు కుంకుమ, ఎడ్ల కొమ్ములకు పూలు. ముందు నడుస్తున్నవాడు పులిగండి దళవాయి ఎర్రప్ప, కేదారుడికి మేనమామ. వెనక మూడు వందల మంది మగవాళ్ళు ఉతికిన పంచెలు కట్టుకుని, ఖాళీ చేతులతో పెళ్ళివారిలా నడిచి వస్తున్నారు.

కేదారుడు గుట్ట మీది నుంచి పడుతూ లేస్తూ దిగి బండ్లకు అడ్డం నిలబడ్డాడు.

"వచ్చినావా అల్లుడూ" అన్నాడు ఎర్రప్ప. అతని ముఖం వెలిగిపోతోంది. "నువ్వు పోయిన పని అయినట్టే. మంత్రిగారు తన చేత్తో జాబు రాసినారు. మనల్ని ద్రోహులని రాయలేదు, బిడ్డలని రాసినారు. మూడేండ్లు ఆ ఒక్క మాట కోసమే కాచుకోనుంటిమి. ఆడోళ్ళు కత్తులకు పసుపు రాసి, కూతుర్ని అత్తగారింటికి పంపినట్టు ఏడ్చి పంపినారు. రాణిగారి ముందర నిలబడి మాట తీసుకుందామని మగోళ్ళమందరమూ బయల్దేరినాము."

"కనుమలో ఎవరుండారు మామా?"

"ముసలోళ్ళుండారు. బిడ్డతల్లులుండారు. లోహవీరుడు వస్తాడంట గదా, చూద్దామని గడపల్లో కూర్చోనుండారు."

కేదారుడు చెప్పాడు. నాలుగు మాటల్లో చెప్పాడు. ఎర్రప్ప మొదట నవ్వాడు. అల్లుడి కాళ్ళు చూసి, చేతికున్న ఉంగరం చూసి, నవ్వు ఆపాడు. వెనకనున్నవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటున్న గుసగుస బండి తర్వాత బండి దాటి చివరికి చేరింది. చివరికి చేరినచోట ఎవడో నేల మీద కూలబడిపోయాడు.

అందరూ కనుమ వైపు తిరిగారు. రెండు కొండల మధ్య నుంచి సన్నగా పొగ లేస్తోంది. చూస్తుండగానే రెండు పాయలైంది, లావెక్కింది, నల్లబడింది. ఆ పొగ కింద నుంచి దుమ్ము బయలుదేరి మెరకల మీదుగా ఇటువైపే దొర్లుకుంటూ వస్తోంది. ఎద్దులు చెవులు రిక్కించి నిలబడిపోయాయి.

"పెట్టెలు తెరవండి" అన్నాడు కేదారుడు.

ఎవరూ కదల్లేదు. ఎర్రప్ప ఒక పెట్టె మూత మీద చెయ్యి వేశాడు.

"మేకులు కొట్టించినా అల్లుడూ. దారిలో మనవాడెవడైనా మనసు మార్చుకుంటాడేమోనని, మంత్రిగారికి మాట పోతుందేమోనని ఒక్కో మూతకూ పాతిక మేకులు కొట్టించినా. సుత్తి కూడా పెట్టెలోనే వేసినాము. ఇనుపది గదా అని."

కేదారుడు బండి ఎక్కాడు. మూత అంచు కింద వేళ్ళు దూర్చి లాగాడు. గోళ్ళు లేచిపోయాయి గాని మూత లేవలేదు. కిందనున్నవాళ్ళకు అప్పుడు చలనం వచ్చింది. ఒకడు బండి ఇరుసు చీల పీకి తెచ్చాడు, ఒకడు కాడిమాను విరిచాడు, ఇంకొకడు రాళ్ళు ఏరుకొచ్చాడు. పన్నెండు బండ్ల మీదా మనుషులు చీమల్లా ఎక్కి కొట్టడం మొదలుపెట్టారు. కొయ్య మీద రాయి పడే శబ్దం, దాని కింద ఇంకో శబ్దం, నేలలో నుంచి, దగ్గరవుతూ.

మొదటి పెట్టె మూత పైకి లేచింది. కేదారుడు పసుపు పూసిన కత్తిని తీసి మామ చేతికిచ్చాడు. అప్పటికే ముందు వరస గుర్రాల పళ్ళు కనబడుతున్నాయి. అతను అటు చూడకుండా రెండో పెట్టె దగ్గర మోకరిల్లి, మొదటి మేకు కింద ఇరుసు చీల దూర్చాడు.